గవర్నరుకు తలవంచని కర్నల్, తన సైనికులకూ తలవంచని జడ్జి: ఆర్టిమస్ వార్డ్ గురించి మాట్లాడుకుందాం

క్విన్సిగామండ్ గట్టు

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. పదకొండేళ్లుగా మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో ఉంటున్నాం. ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. మెయిన్ స్ట్రీట్ మీద ఒక పాత చెక్క ఇల్లు ఉంటుంది, ఈ ఊళ్లో ఉన్నవాళ్లు చూసే ఉంటారు. దాని ముందు నుంచి నేను కొన్ని వేలసార్లు వెళ్లి ఉంటాను, ఒక్కసారీ ఆగలేదు. మొన్న పేట్రియట్స్ డే సెలవు రోజున మా అబ్బాయి కారు ఆపమన్నాడు. ఆ ఇంటాయన గురించి బడిలో చెప్పారట. ఆ రోజు మొదలుపెట్టిన చదువు ఇంకా ఆగలేదు. తెలుగులో ఈయన గురించి ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి ఇక్కడ మొదలుపెడుతున్నాను.

పేరు ఆర్టిమస్ వార్డ్. 1727 నవంబరు 26న ఈ ఊళ్లోనే పుట్టాడు, 1800 అక్టోబరు 28న ఈ ఊళ్లోనే పోయాడు. తండ్రి నేహమ్ వార్డ్ ఈ ఊరిని నిలబెట్టినవాళ్లలో ఒకడు. ఆర్టిమస్ 1748లో హార్వర్డ్‌లో పట్టా తీసుకున్నాడు. గ్రాటన్ అనే ఊళ్లో కొన్నాళ్లు బడిపంతులుగా చేసి, అక్కడి మతగురువు కూతురు సారా ట్రోబ్రిడ్జిని 1750లో పెళ్లాడి సొంతూరు చేరాడు. దుకాణం పెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఊరి పనులు ఒక్కొక్కటే ఆయన భుజాన పడ్డాయి. పన్ను మదింపు చేశాడు. 1752లో చిన్న తగాదాలు తీర్చే మేజిస్ట్రేటు అయ్యాడు. వలస శాసనసభకు ఎన్నికయ్యాడు. 1762లో వూస్టర్ కౌంటీ సివిల్ కోర్టులో జడ్జి అయ్యాడు.

వీటితోపాటే మిలీషియా. అంటే జీతాల సైన్యం కాదు. ఊళ్లోని వయసు మగవాళ్లంతా సొంత తుపాకి తెచ్చుకుని, ఏడాదికి కొన్ని రోజులు ఊరి మైదానంలో కవాతు చేసే దళం. అవసరమైతే సరిహద్దుకు వెళ్లాలి. ఫ్రెంచివాళ్లతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1755లో, వార్డ్ మేజర్ అయ్యాడు. 1758లో బ్రిటిష్ జనరల్ అబెర్‌క్రాంబీ సేనతో టికోండెరోగా కోట మీదికి నడిచాడు. ఆ దండయాత్ర ఘోరంగా ఓడింది. వార్డ్‌కు ఆ అడవి దారిలోనే మూత్రాశయంలో రాళ్ల జబ్బు పట్టుకుంది. మిగతా నలభై రెండేళ్లూ అది ఆయన్ను వదల్లేదు. ఆయన చేసిన పెద్ద పనులన్నీ ఆ నొప్పితోనే చేశాడని గుర్తుపెట్టుకుని చదవండి.

ఇక నన్ను పట్టి కూర్చోబెట్టిన ఘట్టం. బ్రిటన్ వేసిన స్టాంపు పన్ను గొడవల్లో వార్డ్ శాసనసభలో, దాన్ని ఎదిరించిన బోస్టన్ నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. రాజు నియమించిన గవర్నర్ ఫ్రాన్సిస్ బెర్నార్డ్‌కు ఒళ్లు మండింది. 1766 వేసవి అది. ష్రూస్‌బరీలో కొత్త ప్రార్థన మందిరం కడుతున్నారు. ఊరి మగవాళ్లంతా దూలాలు ఎత్తే పనిలో ఉన్నారు, వార్డ్ కూడా అక్కడే ఉన్నాడు. బోస్టన్ నుంచి ఒక రౌతు వచ్చి ఉత్తరం అందించాడు. జూన్ 30 తేదీ వేసిన ఉత్తరం. రెండే ముక్కలు: నీ మిలీషియా కర్నల్ పదవి రద్దు చేశాం.

ఆయన ఊరందరి ముందూ ఇచ్చిన జవాబు ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దాని సారాంశం ఇది: గవర్నరుకు నా నమస్కారాలు చెప్పు. నాకు రెండుసార్లు గౌరవం దక్కింది, పదవి ఇచ్చినప్పటికంటే తీసేసినప్పుడే ఎక్కువ దక్కింది. ఎందుకు తీశారంటే నేను ఈ దేశానికి మిత్రుణ్ని, ఆయన కాదు.

పనివాళ్లు చేతుల్లో సుత్తులతో అలా నిలబడి వింటుంటే, ఆ రౌతు గుర్రం తిప్పుకుని పోవడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

బ్రాడీపేట మాస్టారు

చాలా మంచి చర్చ మొదలుపెట్టారు బాబూ. ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పాను. అమెరికా విప్లవం అనగానే వాషింగ్టన్, జెఫర్సన్, తేయాకు పెట్టెలు, అంతే. వార్డ్ పేరు నేను తరగతిలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నా లోపం.

వాషింగ్టన్ రాకముందు, బ్రిటిష్ సైన్యం ఉన్న బోస్టన్ నగరపు ముట్టడిని నడిపింది వార్డే. అంటే విప్లవ సైన్యానికి తొలి సేనాని ఆయనే. పదవి పోయిన కర్నల్ మళ్లీ సేనాధిపతి ఎలా అయ్యాడో కూడా రాయండి, ఆ కథ బాగుంటుంది.

క్విన్సిగామండ్ గట్టు

రాస్తాను మాస్టారూ.

బెర్నార్డ్ అంతటితో ఆగలేదు. 1768లో సభ వార్డ్‌ను గవర్నర్ మండలికి ఎన్నుకుంటే పేరు కొట్టేశాడు. ప్రజలు మాత్రం ఆయన్ను వదల్లేదు. 1774 అక్టోబరు 3న ఆయన పాత రెజిమెంటు, అంటే మూడో రెజిమెంటు, మొత్తానికి మొత్తం రాజు కొలువుకు రాజీనామా ఇచ్చింది. ఇచ్చి, వరసగట్టి ష్రూస్‌బరీకి నడిచింది. వార్డ్ ఇంటి ముందు నిలబడి, మిమ్మల్ని ఏకగ్రీవంగా మా నాయకుడిగా ఎన్నుకున్నాం అని చెప్పింది. గవర్నర్ ఒక కాగితంతో తీసేసిన పదవిని ఆ మనుషులు కాలినడకన తెచ్చి ఇచ్చారు. నేను రోజూ కారులో దాటిపోయే వాకిలి అదే.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో తొలి కాల్పులు జరిగాయి. కబురు వచ్చేటప్పటికి వార్డ్ మంచంలో ఉన్నాడు, రాళ్ల నొప్పి. తెల్లవారగానే గుర్రమెక్కాడు. ఇక్కడి నుంచి బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జికి మామూలు మనిషికే కారులో గంట పడుతుంది. ఆయన ఆ జబ్బుతో జీను మీద కూర్చుని వెళ్లాడు.

పాత తుపాకి

వచ్చాడు, సరే. వచ్చి ఏం చేశాడన్నది అసలు ప్రశ్న. మీ అభిమానాన్ని తక్కువ చేయడం లేదు గానీ, బంకర్ హిల్ పోరు (1775 జూన్ 17) గురించి చదివినవాళ్లెవరూ వార్డ్‌ను గొప్ప సేనాని అనరు. మైళ్ల దూరంలో కొండ మీద విప్లవ సైన్యపు కర్నల్ ప్రెస్కాట్ మనుషులు మందుగుండు అయిపోయి, తుపాకి మడమలతో కొట్టుకుంటుంటే, ఈయన కేంబ్రిడ్జిలో ఇంటి లోపల ఉన్నాడు. రోజంతా అక్కడి నుంచి కదల్లేదు. పంపిన సాయం ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వెళ్లింది. తోటి సేనాని చార్లెస్ లీ ఆయన్ను చర్చి పెద్దగా జనాదరణ ఉన్న లావుపాటి ముసలాయన అన్నాడు, యుద్ధం ఏమీ తెలియదన్నాడు. మరీ కటువైన మాటే, కానీ ఊరికే పుట్టలేదు.

బ్రాడీపేట మాస్టారు

తుపాకి గారూ, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. తూకంతోనే పేచీ.

ఆ రోజు వార్డ్ చేతిలో ఏముందో చూడండి. నాలుగు వలసల నుంచి వచ్చిన పదిహేను వేల మంది రైతులు. మసాచుసెట్స్ వాళ్లు తప్ప మిగతావాళ్లు ఆయన మాట వినాలని ఏ చట్టమూ లేదు. నాట్లు వచ్చాయని ఇంటికి పోయేవాడు పోతున్నాడు. అన్నిటికంటే మించి మందుగుండు లేదు. బ్రిటిష్ ఓడలు నదిలో ఉన్నాయి, వాళ్లు ఎక్కడైనా దిగవచ్చు. కేంద్రం కేంబ్రిడ్జి. అక్కడ దిగితే దండు రెండు ముక్కలవుతుంది. అలాంటప్పుడు ఉన్నదంతా ఒక కొండ మీద ధారపోయడమా, ఆపి ఉంచుకోవడమా? ఆపాడు. కొండ పోయింది, సైన్యం మిగిలింది. బ్రిటిష్ వారికి వెయ్యిమందికి పైగా చచ్చారు, గాయపడ్డారు. ఇవతల నష్టం దాదాపు నాలుగు వందల యాభై.

ఏప్రిల్ నుంచి జూలై దాకా ఆ గుంపును చెదిరిపోకుండా, పస్తులుండకుండా కాచి, జూలై 3న వాషింగ్టన్ చేతికి అప్పగించాడు. మా తాతగారు కృష్ణ కాలువ కట్ట తెగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కూడగట్టి ఇసుక బస్తాలు వేయించేవారట. మొదటి బస్తా వేసిన వాణ్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు, తెల్లవార్లూ జనాన్ని పోనీకుండా పట్టి ఉంచినవాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు అనేవారు.

పాత తుపాకి

మాస్టారి మాట ఒప్పుకుంటాను, పూర్తిగా కాకపోయినా. ఆయనకు దక్కాల్సినది కూడా చెప్పాలి కదా, డార్చెస్టర్ గుట్టలు. వాటి మీద ఫిరంగులు పెడితే బోస్టన్ నగరమూ రేవూ గురిలోకి వస్తాయి. ఇది నాకు చాలా ఇష్టమైన రాత్రి.

వాషింగ్టన్ వచ్చాక వార్డ్ రెండో స్థానంలోకి వెళ్లి, రాక్స్‌బరీ వైపున్న కుడి పార్శ్వానికి అధికారి అయ్యాడు. మొదటి నుంచీ డార్చెస్టర్ గుట్టల మీదికి ఎక్కాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకడు. వాషింగ్టన్ మాత్రం గడ్డకట్టిన నీళ్ల మీదుగా బోస్టన్ మీద పడాలనుకున్నాడు, యుద్ధ సమాలోచనలో సేనానులు వద్దన్నారు. ఆ చలికాలంలోనే హెన్రీ నాక్స్ టికోండెరోగా నుంచి అరవైకి దగ్గరగా ఫిరంగులను మంచు బళ్ల మీద మూడు వందల మైళ్లు లాగించుకుని వచ్చాడు.

1776 మార్చి 4 రాత్రి. నేల రాయిలా గడ్డకట్టి ఉంది, తవ్వి మట్టికట్ట వేయడం కుదరదు. అందుకని చెక్క చట్రాలు ముందే చేయించి, వాటిలో నింపే పుల్లల కట్టలు ముందే కట్టించి, ఎడ్లబళ్ల మీద వేశారు. గుట్టకు వెళ్లే దారి శత్రువు కంటికి దగ్గర. ఆ దారి పొడవునా చుట్టిన గడ్డి మోపులు గోడలా పేర్చారు, చప్పుడు, కదలిక తెలియకుండా. పీపాల్లో మట్టి నింపి కట్ట ముందు నిలబెట్టారు, పైకి ఎక్కి వచ్చేవాళ్ల మీదికి దొర్లించడానికి. జాన్ థామస్ నాయకత్వంలో రెండు వేల మందికి పైగా మనుషులు మాట్లాడకుండా రాత్రంతా పనిచేశారు. బళ్లు పోయి వచ్చి, పోయి వచ్చి, కొన్ని నాలుగేసి తడవలు తిరిగాయి. ఇదంతా వార్డ్ పార్శ్వంలో, వార్డ్ ఏర్పాటులో జరిగిన పని. తెల్లవారి బ్రిటిష్ వాళ్లు కళ్లు తెరిచేసరికి గుట్ట మీద కోట లేచి ఉంది.

మార్చి 17న వాళ్లు ఓడలెక్కి పోయారు. వెయ్యిమందికి పైగా రాజభక్తులు కూడా వాళ్లతో పోయారు. బోస్టన్ లోపల మశూచి ఉంది. కాబట్టి ఒకసారి వచ్చి తగ్గినవాళ్లనే ఐదు వందల మందిని ఏరి తీసుకుని, ముందుగా నగరంలో అడుగుపెట్టిన సేనాని వార్డ్.

మంజరి

నేను వాషింగ్టన్ నగరంలో అమెరికన్ యూనివర్సిటీలో చదివాను. దాని పక్కన పెద్ద కూడలి ఉంటుంది, దాని పేరే వార్డ్ సర్కిల్. మధ్యలో నిలువెత్తు విగ్రహం. రెండేళ్లు బస్సులో ఆ విగ్రహం చుట్టూ తిరిగాను గానీ ఎవరిదో తెలియదు. నా స్నేహితురాలు ఒకసారి పేరు వెతికితే అదే పేరును కలం పేరుగా పెట్టుకున్న హాస్య రచయిత ఎవరో వచ్చాడు, ఆయనదే అనుకున్నాం. ఈ చర్చ చదివాక చాలా సిగ్గుగా అనిపించింది.

ఆ విగ్రహం కథ ఇది. వార్డ్ మునిమనవడు ఒకాయన, ఆయన పేరూ ఆర్టిమస్ వార్డే, న్యూయార్క్‌లో ప్రకటనల వ్యాపారంలో బాగా సంపాదించాడు. తన ముత్తాతను దేశం మరిచిపోయిందని ఆయనకు బాధ. హార్వర్డ్‌కు నలభై లక్షల డాలర్లు రాసి ఇచ్చి, రాజధానిలో విగ్రహం పెట్టాలని షరతు పెట్టాడు. 1938లో పెట్టారు. గుర్రం మీద కాదు, కాళ్ల మీద నిలబడిన విగ్రహం. పీఠం మీద సైనికుడని మాత్రమే కాదు, న్యాయమూర్తి, శాసనకర్త అని కూడా ఉంటుంది. ష్రూస్‌బరీ ఇల్లు కూడా ఈ మునిమనవడి కారణంగానే హార్వర్డ్ చేతికి వచ్చింది.

కొత్తగా చేరాను

చిన్న సందేహం. వూస్టర్ అని రాశారు, పటంలో చూస్తే ఇంకేదో పలకాల్సినట్టు ఉంది. అది వోర్సెస్టర్ కాదా?

క్విన్సిగామండ్ గట్టు

వూస్టరే అండీ. రాసేది ఒకటి, పలికేది ఒకటి. మొదటి ఏడాది నేనూ మీలాగే పలికాను. ష్రూస్‌బరీకీ వూస్టర్‌కీ మధ్య ఉన్న సరస్సు పేరే నేను ఇక్కడ పెట్టుకున్నది.

ఇప్పుడు నేను అసలు అడగాలనుకున్న విషయానికి వస్తాను. బోస్టన్ విడిపించాక ఆరోగ్యం బాగోలేదని వార్డ్ రాజీనామా చేశాడు. వాషింగ్టన్‌కు అది నచ్చలేదు. సొంత ఇంటి పొగ కనపడనంత దూరం పోవాల్సి వస్తుందని తప్పుకున్నాడని లీకి రాసిన ఉత్తరంలో ఎత్తిపొడిచాడు. అయినా అడిగితే 1777 మార్చి దాకా తూర్పు విభాగం చూసి పెట్టాడు. తర్వాత రాష్ట్ర కార్యనిర్వాహక మండలి, 1780 నుంచి కాంటినెంటల్ కాంగ్రెస్ (అప్పటి రాష్ట్రాలన్నిటి ఉమ్మడి సభ), 1785లో రాష్ట్ర శాసనసభ స్పీకర్. వాటితోపాటు వూస్టర్ కౌంటీ సివిల్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి.

1786 సెప్టెంబరు 5. కోర్టు కూర్చోవాల్సిన రోజు. యుద్ధం ముగిసి మూడేళ్లయింది. రైతులు అప్పుల్లో మునిగిపోయారు. వాళ్లు పోరాడినందుకు ఇచ్చిన కాగితాలకు విలువ లేదు, పన్ను మాత్రం నాణెంగా కట్టాలి. కోర్టు కూర్చుంటే డిక్రీలు, డిక్రీ వస్తే ఆవు, నాగలి, చివరికి మనిషే ఖైదు. అందుకని ఆడమ్ వీలర్ అనే కెప్టెన్ నాయకత్వంలో సాయుధులు కోర్టు భవనం ఆక్రమించారు.

వార్డ్‌కు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. తోటి జడ్జీలతో గుట్టెక్కి వస్తున్నాడు. కింద కాపలావాడు తుపాకి ఎత్తి ఆపాడు. ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాడే. వార్డ్ గట్టిగా, శస్త్ర వందనం, అన్నాడు. అలవాటైన గొంతు. ఆ మనిషి తుపాకి నిలువుగా పట్టి వందనం చేశాడు. జడ్జీలు ముందుకు నడిచారు.

పైన మెట్ల మీద వరసగా బాయినెట్లు. వార్డ్ ఆగలేదు. మొనలు కోటుకు తగిలాయి. ఇక్కడ నాయకుడెవరని అడిగాడు. దేశం బాధలు తీరేదాకా కోర్టు కూర్చోనివ్వమని వీలర్ చెప్పాడు. మీ బాయినెట్లు నాకు లెక్కలేదు, గుండెల్లో దించండి, నా విధి మాత్రం వదలను, అన్నాడు వార్డ్. అక్కడే మెట్ల మీద నిలబడి దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. కష్టాలుంటే సభకు విన్నవించండి, ఆయుధం పట్టి కోర్టు మూయడం రాజద్రోహం అన్నాడు. వాళ్లు విన్నారు గానీ దారి ఇవ్వలేదు. జడ్జీలు ఒక సత్రంలో కూర్చుని కోర్టు వాయిదా వేయాల్సి వచ్చింది. స్థానిక మిలీషియాను రమ్మంటే రాలేదు, వాళ్ల మనసు కూడా అవతలివాళ్లతోనే ఉంది.

నాకు 1766లో ఉన్న మనిషి, 1786లో ఉన్న మనిషి ఒక్కడేనా అన్నది తేలడం లేదు. మీరు చెప్పండి.

సింధూర

హైదరాబాద్‌లో పదిహేడేళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. నాకైతే అనుమానమే లేదు, ఒక్కడే.

1766లో గవర్నర్ చేసింది ఏమిటి? తనకు నచ్చని ఓటు వేశాడని ఒక మనిషి పదవి ఊడబెరికాడు. నియమం లేదు, విచారణ లేదు. 1786లో వీలర్ మనుషులు చేసింది ఏమిటి? తమకు నచ్చని తీర్పులు వస్తాయని కోర్టు తలుపు మూశారు. రెండు చోట్లా వార్డ్ అన్నది ఒకటే, బలం చూపించి నా పని ఆపలేవు అని. అదీ చేతిలో కర్ర కూడా లేకుండా. ప్రభుత్వం తరఫున సైన్యం వెంట రాలేదు. జబ్బు మనిషి, ఒంటి మీద కోటు, ఎదురుగా ఇనుము. ఆయన వాళ్లను తిట్టి పారిపోలేదు, రెండు గంటలు నిలబడి వాళ్లతో మాట్లాడాడు. జడ్జి మెట్ల మీదికి వచ్చి కక్షిదారులకు సమాధానం చెప్పుకోవడం నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి. మూసిన కోర్టు షావుకారుకే కాదు, పేదవాడికీ మూతే. మా దగ్గర కోర్టులు బహిష్కరించిన రోజుల్లో నా దగ్గర ఒక పెద్దామె కేసు ఉండేది. కొడుకు ఇంట్లోంచి గెంటేశాడు. ఆరు వాయిదాలు పోయాయి. ఏడో వాయిదాకు ఆమె రాలేదు, రాలేని స్థితిలో ఉంది. అందుకే తలుపు మూసేవాళ్లంటే, కారణం ఎంత మంచిదైనా, నాకు భయం.

వేరుశనగ చేను

సింధూర అక్కా, మీ మాట గౌరవంతో చదివాను. కానీ నాది అటువైపు మెట్ల మీద నిలబడినవాళ్ల ఇల్లు.

మాది అనంతపురం జిల్లా. వరసగా మూడేళ్లు వాన లేదు. మా నాన్న మీద డిక్రీ వచ్చింది. అమీనా వచ్చిన రోజు నాకు తొమ్మిదేళ్లు. ఊరి మధ్యలో టముకు వేయించాడు. మా ఇంటి తలుపులు ఊడదీసి బండిలో వేశారు. మంచి టేకు తలుపులు, మా తాత చేయించినవి. ఆ రాత్రి వాకిలికి అమ్మ చీర కట్టింది. చట్టప్రకారం అంతా సక్రమంగానే జరిగింది, కాగితంలో ఒక్క తప్పు లేదు.

ఇప్పుడు వార్డ్ సంగతి. మీరందరూ 1766, 1786 అంటున్నారు. మధ్యలో 1774 వదిలేశారు. అదే వూస్టర్, అదే కోర్టు. 1774 సెప్టెంబరు 6న 37 ఊళ్ల నుంచి 4,622 మంది మిలీషియా మనుషులు వచ్చి, రాజు కోర్టును కూర్చోనివ్వకుండా మూసేశారు. వీధికి రెండు వైపులా బారులు తీరి, కోర్టు అధికారులను టోపీ చేత్తో పట్టుకుని మధ్యలో నడిపించారు. తమ పదవులు వదులుకుంటున్నామని దారి పొడవునా మళ్లీ మళ్లీ చదివించారు. దాన్ని ఈరోజు విప్లవానికి తొలి అడుగు అని పొగుడుతారు. సరిగ్గా పన్నెండేళ్లకు, ఒక్కరోజు తేడాతో, అదే మనుషులు, వాళ్ల కొడుకులు, అదే పని చేస్తే రాజద్రోహం అయ్యింది.

వాళ్లకు ఆ పని నేర్పింది ఎవరు? వార్డ్ తరం నాయకులే. 1786 నాటి ఈ తిరుగుబాటును ఎవరి పేరుతో పిలుస్తారో ఆ డేనియల్ షేస్ బంకర్ హిల్‌లో పోరాడినవాడు, అంటే వార్డ్ దండులోవాడే. విప్లవంలో సాయపడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ బహూకరించిన కత్తిని అప్పు తీర్చడానికి అమ్ముకున్నాడు. వార్డ్ ధైర్యం గురించి నాకు సందేహం లేదు. ఆ బాయినెట్ల వెనకున్న ముఖాలను ఆయన గుర్తుపట్టాడా అన్నదే సందేహం. కాపలావాడు తన గొంతు గుర్తుపట్టి వందనం చేశాడు కదా. ఆయన వాడి ఇంటి గురించి ఏమైనా అడిగాడా?

సింధూర

తమ్ముడూ, ఆ చీర కట్టిన వాకిలి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

1774 గురించి నువ్వు చెప్పింది నాకు తెలియదు. నా వాదనలో అది పెద్ద కంత. ఒక తేడా మాత్రం చెబుతాను. 1774లో వాళ్లకు రాజు కోర్టులో చెప్పుకునే చోటు లేదు, 1786లో వాళ్లు ఎన్నుకున్న సభ ఉంది. వార్డ్ వాదన అదే. కానీ ఆ సభ విందా లేదా అన్నది నువ్వు అడుగుతావని నాకు తెలుసు.

వేరుశనగ చేను

అదే అడుగుతాను అక్కా. 1786 అంతా ఊళ్లకు ఊళ్లు అర్జీలు పంపాయి. వినలేదు. విననందుకే తుపాకులు పట్టారు.

బ్రాడీపేట మాస్టారు

ఇద్దరికీ మధ్య తీర్పు చెప్పడానికి రాలేదు. కాలం ఒకటి గుర్తొచ్చింది.

వార్డ్ ఆ మెట్ల మీద నిలబడిన 1786 సెప్టెంబరులోనే కలకత్తాలో కొత్త గవర్నర్ జనరల్ ఓడ దిగాడు. ఎవరో కాదు, 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయిన కార్న్‌వాలిస్. 1788లో మా గుంటూరు సర్కారును నిజాం నుంచి కంపెనీ చేతికి తీసుకున్నది ఆయన హయాంలోనే. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు. తర్వాత పదేళ్లకు అదే పద్ధతి మా ఉత్తర సర్కారులకూ వచ్చింది. కిస్తీ తేదీకి కట్టకపోతే జమీన్ వేలం. పన్ను నాణెంగా, తేదీకి, పంట పండినా ఎండినా. మసాచుసెట్స్ రైతు ఏ మాటలతో మొరపెట్టుకున్నాడో, వాళ్లకు ముక్కూ మొహం తెలియని మా రైతు కూడా అవే మాటలతో మొరపెట్టుకున్నాడు. బాబూ, ఆ తిరుగుబాటు చివరికి ఏమైందో రాయండి, కొత్తగా చదివేవాళ్లకు తెలియాలి.

క్విన్సిగామండ్ గట్టు

1787 జనవరి 25న షేస్ మనుషులు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వచ్చారు. అక్కడ కాపలా ఉన్న ప్రభుత్వ మిలీషియా ఫిరంగి పేల్చింది, షేస్ మనుషుల్లో నలుగురు పోయారు. బోస్టన్ ధనికుల చందాలతో సైన్యం కట్టి జనరల్ బెంజమిన్ లింకన్ తరిమాడు. ఫిబ్రవరి 4 తెల్లవారుజామున పీటర్‌షామ్ అనే ఊళ్లో, రాత్రంతా మంచులో నడిచి వచ్చి, వాళ్లను చెదరగొట్టాడు. అదే వసంతంలో ఎన్నికలొస్తే జనం గవర్నర్ బౌడెన్‌ను ఓడించి హాన్‌కాక్‌ను గెలిపించారు. కొత్త సభ పన్నులు తగ్గించింది. షేస్‌కు 1788లో క్షమాభిక్ష దొరికింది.

వార్డ్ 1791 నుంచి 1795 దాకా కొత్త దేశపు కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. తర్వాత ఇల్లు చేరాడు.

ఈ చర్చ చదివి నిన్న ఆదివారం మావాణ్ని పీటర్‌షామ్ తీసుకెళ్లాను. అక్కడ 1927లో పెట్టిన రాయి ఒకటి ఉంది. లింకన్ విజయం గురించి రాసి, చట్టానికి లోబడడమే నిజమైన స్వేచ్ఛ అని ముగించారు. 1987లో మరో రాయి పెట్టారు. అందులో ఆ రైతుల కష్టం రాసి, నిజమైన స్వేచ్ఛ, న్యాయం కోసం చట్టాన్ని ఎదిరించాల్సి రావచ్చు అని చెక్కారు. అరవై ఏళ్ల తేడాతో ఒకే ఊరు రెండు మాటలూ రాతి మీద చెక్కించి పెట్టుకుంది, ఒకటి పెట్టాక రెండోది పీకలేదు. సింధూర గారూ, వేరుశనగ చేను గారూ, మీ ఇద్దరి వాదన అక్కడ నిలబడి చదివినట్టే అనిపించింది.

మంజరి

ఇంటి లోపలికి వెళ్లనిస్తారా? జూన్‌లో బోస్టన్ వస్తున్నాను.

క్విన్సిగామండ్ గట్టు

వేసవిలో చూపిస్తుండేవారు, బయల్దేరేముందు ఇప్పుడు తెరిచి ఉందో లేదో, వేళలేమిటో చూసుకోండి. రండి, భోజనం మా ఇంట్లోనే. ఆయన సమాధి మౌంటెన్ వ్యూ శ్మశానంలో ఉంది, అక్కడికీ తీసుకెళ్తాను.

వేరుశనగ చేను

రాత్రి ఈ చర్చ మొత్తం నాన్నకు చదివి వినిపించాను. ఆయన చదువుకోలేదు. బంకర్ హిల్ దగ్గర ఏమీ అనలేదు. డార్చెస్టర్ గడ్డి మోపుల దగ్గర, మనుషులు తెలివైనవాళ్లు, అన్నారు. మెట్ల మీది రెండు గంటలు వినేసరికి కాసేపు ఆలోచించి, ఆ జడ్జి ఎండలో నిలబడి మాట్లాడాడు కదా, మా ఊరికి కాగితం ఒక్కటే వచ్చింది, అన్నారు. తర్వాత ఒకటే అడిగారు. వందనం చేసిన ఆ కాపలావాడు తర్వాత ఏమయ్యాడు?

క్విన్సిగామండ్ గట్టు

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. తుపాకి అప్పగించి, రాజ్యానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేసినవాళ్లను ప్రాణాలతో వదిలేశారు. కానీ 1787 ఫిబ్రవరిలో చేసిన చట్టం ప్రకారం అలాంటివాళ్లు మూడేళ్లు ఓటు వేయకూడదు, జూరీలో కూర్చోకూడదు, ఊరి పదవి పట్టకూడదు, బడిపంతులుగా చేయకూడదు, సత్రం నడపకూడదు. సేద్యం మాత్రం చేసుకోవచ్చు.

వేరుశనగ చేను

చెప్పాను. సేద్యం చేసుకోనిచ్చారా, అయితే పర్వాలేదు, అన్నారు.